ఇంజను మామ అరచెయ్యి

పొద్దున్నే పక్కబట్టలు దులపడం ఆ ఇంట్లో ఇల్లాలి మొదటి పని. దుప్పటి కొసలు పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి విదిలిస్తే గుప్పెడు ఎర్రటి పొడి రాలేది. తర్వాత మంచం కింద చీపురేసి, అక్కడ పడింది కూడా చేటలోకి ఎత్తి గోడ పక్కన పోసేది. ఏళ్ళ తరబడి పోసీ పోసీ అక్కడో చిన్న దిబ్బ తయారైంది.

"కట్టుకున్నవాడు బంగారం రాలుస్తాడనుకున్నా. తుప్పు రాలుస్తున్నాడు మహానుభావుడు," అనేది ఆవిడ, వినపడేట్టుగానే.

"బంగారమైతే నీదాకా రానిచ్చేవాళ్ళా? తుప్పు కాబట్టి ఇంటికి తెచ్చుకోనిస్తున్నారు," అనేవాడు మంచం అంచున కూచున్న ఆయన, పంచె మోకాళ్ళ పైకి లాక్కుంటూ.

అప్పుడావిడ పొడుగు మూతి నూనెడబ్బా తెచ్చి, రెండు మోకాళ్ళకీ, మోచేతులకీ, మెడ వెనకా తలా నాలుగు చుక్కలు వేసేది. మోకాలు మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించేది. మొదట కిర్రుమనేది, తర్వాత కొంచెం మెత్తబడేది. డాక్టరు రాసిచ్చిన మందే అది. మెషిన్ ఆయిలు, రోజుకి రెండుసార్లు, తిన్నాక. తిన్నాక ఎందుకో ఆ డాక్టరుకే తెలియాలి.

నూనె ఇంకాక ఆయన లేచి గోడ పట్టుకుని వీధిలోకి వచ్చి, బస్సెక్కేవాడు. "మామా, సీటు మీద పేపరు వేసుకుని కూచో. నిన్న నీ తర్వాత కూచున్నాయన తెల్లప్యాంటు చూపించి నన్ను చెడామడా తిట్టాడు," అనేవాడు కండక్టరు. మామ చంకలోని పాత పేపరు తీసి పరుచుకునేవాడు. పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. కాలనీలోనూ, మ్యూజియంలోనూ, బస్సులోనూ ఇంజను మామే.

మ్యూజియంలో ఆయన పని ఒక్కటే. పాత ఆవిరి ఇంజన్ని తుడవడం. ముందు పొడిగుడ్డ, తర్వాత నూనెలో ముంచిన దూదిపీచు, ఆఖర్న ఉత్త అరచెయ్యి. నూనె ఎక్కడ అంటిందో ఎక్కడ అంటలేదో చేత్తో తడిమితే గానీ తెలియదని రైలింజన్ల షెడ్డులో పాతవాళ్ళు నేర్పిన పద్ధతి. గుడ్డతో ఆపేసినవాణ్ణి క్లీనరనేవాళ్ళు కాదు, దులిపేవాడనేవాళ్ళు. మామ ఒక్కరోజు కూడా గుడ్డతో ఆపలేదు. అందుకే ఇంజను అద్దంలా ఉండేది. దానికి పట్టాల్సిన తుప్పంతా ఆయన అరచేతిలోంచి మణికట్టుకీ, అక్కణ్ణించి కీళ్ళకీ ఎక్కింది.

"ఎంత నిగనిగలాడుతోందండీ!" అనేవాళ్ళు చూడ్డానికొచ్చినవాళ్ళు.

"దాని తుప్పంతా మావాడు తీసుకుంటాడు లెండి," అనేవాడు మ్యూజియం ఆఫీసరు గర్వంగా. మావాడు అన్నందుకు మామకి ఆ పూటంతా కడుపు నిండినట్టుండేది. పిచ్చి మనిషి.

ఆ ఇంజను ఊరికే నిలబడ్డం మామ షెడ్డులో చేరిన రోజుల్లో ఎప్పుడూ లేదు. అది నడిచిన కాలంలో దానికి తుప్పు పట్టే తీరికెక్కడిది? ధాన్యం బండ్లు లాగింది, బొగ్గు లాగింది, వరదలొచ్చినప్పుడు ఇళ్ళ కప్పుల మీద కూచున్నవాళ్ళని ఎక్కించుకొచ్చింది. ఎత్తు మీదికి వెళ్ళేటప్పుడు అది తీసే ఆయాసం ఊరు ఊరంతా వినేది. డ్రైవరు కూత వేసే తీరుని బట్టి ఎవరి మొగుడు డ్యూటీ దిగుతున్నాడో కాలనీ ఆడవాళ్ళు చెప్పేసేవాళ్ళు. ఆ షెడ్డులో అందరూ క్లీనరుగానే చేరేవారు. బూడిద తోడాలి, మసి గీకాలి, తుడవాలి. కొన్నేళ్ళకి పార చేతికిచ్చి ఫైర్‌మన్ని చేస్తారు, బొగ్గు వెయ్యమంటారు. ఇంకొన్నేళ్ళకి డ్రైవరు. మామ క్లీనరుగా చేరాడు. తుడిచాడు. ఆయన చేతికి పార వచ్చే ఏడే ఆవిరి ఇంజన్లు ఆపేశారు.

చివరి ప్రయాణం నాడు డ్రైవరు మామ భుజం మీద చెయ్యేసి, "దిగులు పడకు. దీన్ని మళ్ళీ నడుపుతారు. నడిపిననాడు బొగ్గు వేసేది నువ్వే," అన్నాడు. ఏదో ఓదార్పుగా అన్నమాట. ఆయన ఇంటికెళ్ళి మర్చిపోయి ఉంటాడు. మామ మర్చిపోలేదు. మిగతా ఇంజన్లన్నీ తుక్కుకి పోయాయి, ఇది ఒక్కటీ మ్యూజియానికి వచ్చింది. దాంతోపాటు క్లీనరు ఉద్యోగమొకటి, ఆ ఉద్యోగంతోపాటు రెండు గదుల క్వార్టరు వచ్చాయి. రెండేళ్ళకో మూడేళ్ళకో ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, "దీన్ని మళ్ళీ నడిపిస్తే ఎంత బావుంటుంది!" అని వెళ్ళేవాడు. ఆ వారమంతా మామ ఇంట్లో కుదురుగా కూచునేవాడు కాదు.

అందుకే ఆయన నీళ్ళు కూడా పోసేవాడు. ఇది చెప్పుకోవాలి. షెడ్డులో క్లీనరుకి మొదటిరోజు నేర్పే పాఠం, బాయిలర్లో నీళ్ళు లేకుండా ఇంజన్ని వదలకూడదని. నీళ్ళు లేవని చూసుకోకుండా ఎవడైనా నిప్పు వేస్తే బాయిలరు పేలి మనుషులు పోతారు. నీటిమట్టం చూపించే గాజు గొట్టంలో సగానికి నీళ్ళు కనపడాలి, అంతే. మామకి అది ఒంట్లో ఇంకిపోయింది. చివరి ప్రయాణం నాటి నీళ్ళు దించెయ్యమని ఆయనకెవరూ చెప్పలేదు, ఆయనకీ తోచలేదు. గొట్టంలో మట్టం తగ్గినప్పుడల్లా పైకెక్కి మూత విప్పి బకెట్లతో పోశాడు. మోకాళ్ళు పట్టేశాక కిందనించి రబ్బరు గొట్టంతో పట్టాడు. ఆకలేసిన పిల్లకి పాలు పట్టినంత శ్రద్ధగా పట్టాడు.

ఆ ఏడాది వానాకాలం ఆయన్ని బాగా దెబ్బతీసింది. చెమ్మగాలి తగిలితే చాలు, తుంటి బిగుసుకుపోయేది. బస్సు మెట్టెక్కడానికి ఇద్దరు లేపాల్సి వచ్చేది. డాక్టరు మోకాలి మీద వేలితో కొట్టి చూశాడు. డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"ఇంక చాల్లే మామా," అన్నాడు. "ఈ నెలాఖరుతో మానెయ్. ఇంట్లోవాళ్ళకి ఇస్తారుగా ఉద్యోగం?"

ఇస్తారు. ఇంట్లో ఉన్నది కూతురొక్కతే. మొగుడు వదిలేసిపోతే పుట్టింటికి వచ్చేసి, ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల చొక్కాలు కుడుతోంది. ఆ పిల్ల చేతులు చూస్తూ కూచోవడం మామకి అలవాటు. సూదిలో దారం మొదటిసారికే ఎక్కించేది. బొత్తాం కుట్టి దారం పళ్ళతో తెంపేలోపు రెండో బొత్తాం చేతిలో ఉండేది. ఆ వేళ్ళు ఎక్కడా ఆగేవి కావు, ఎక్కడా కిర్రుమనేవి కావు.

"నువ్వు చేరడానికి వీల్లేదు," అన్నాడాయన ఆ రాత్రి భోజనాల దగ్గర.

"చేరకపోతే ఈ ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. అమ్మనీ నిన్నూ ఎక్కడ పెట్టను? మిషను కింద పెట్టనా?" అంది కూతురు.

"గుడ్డతో తుడిచి వచ్చెయ్. చెయ్యి పెట్టకు."

"నువ్వు పెట్టకుండా ఉన్నావా? చెయ్యి పెట్టకపోతే వారానికే తుప్పు బయటపడుతుంది. నీకు జ్వరమొచ్చినప్పుడు చూశాంగా. ఆఫీసరు ఊరుకుంటాడా?"

మామ భార్యకేసి చూశాడు. ఆవిడ తలెత్తలేదు. "ఒకరి పక్కలే దులుపుతున్నా. రేపట్నించి రెండు దులుపుతా. నాకేం, చేతులున్నాయిగా," అంది. అని, కంచం ముందునించి లేచి వెళ్ళిపోయింది. ఆవిడ ఏడిస్తే నీళ్ళకుండ దగ్గర నిలబడి ఏడుస్తుంది, నీళ్ళు తాగుతున్నట్టు.

మామకి మిగిలిన ఆశ ఒక్కటే. నెలాఖరులోపు ఇంజన్ని నడుపుతామని ఎవరైనా అంటే బావుండు. నడిచే ఇంజనుకి తుప్పుండదు, కూతురికి భయముండదు. అలా అనుకుంటూ పనిలోకి వెళ్ళినవాడికి ఆఫీసరు కాఫీ ఇప్పించి మరీ చెప్పాడు.

"మామా, మంచి వార్త. ఇంజన్ని ఒక పక్క కోయిస్తున్నాం."

"కోయించడమేంటి బాబూ?"

"పక్కరేకు మొత్తం తీసేస్తాం. లోపల గొట్టాలు ఎలా ఉంటాయో, నిప్పెక్కడ, నీళ్ళెక్కడ, అన్నీ జనానికి కనపడతాయి. లోపలిదాకా నడిచెళ్ళడానికి చెక్కబాట కూడా వేయిస్తున్నా. ఎప్పటికీ చెక్కుచెదరకుండా ఉండిపోతుంది."

"కోస్తే ఇంక నడవదు కదా బాబూ."

ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఆ మాటకి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నడవడమా? అది నడుస్తుందని ఎవరన్నారు నీకు?" అన్నాడు.

మామ కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

గ్యాస్ కట్టరుతో మేస్త్రి వచ్చాడు. కోసినంతసేపూ మామ స్టూలు మీద కూచుని చూశాడు. తను రోజూ తడిమిన రేకు మీద నీలంమంట గీత గీస్తూ పోయింది. రేకు ఊడి పక్కకి ఒరిగేసరికి లోపల్నించి నీళ్ళు భళ్ళున కారాయి. ఎర్రటి నీళ్ళు. మ్యూజియం నేలంతా పారి మామ కాళ్ళ దాకా వచ్చాయి.

మేస్త్రి లోపలికి వంగి చూసి చూపుడువేలితో ఒక గొట్టాన్ని పొడిచాడు. వేలు అవతలికి దిగబడింది.

"ఇదెప్పుడో చచ్చిపోయింది మామా," అన్నాడు. "బయటేమో పెళ్ళికూతురిలా ఉంది, లోపలంతా పుచ్చిపోయింది. ఆపేసిన ఇంజనులో నీళ్ళుంచారేంటి? దించి ఆరబెట్టి ఉంటే నూరేళ్ళుండేది. ఎవడో తలమాసినవాడు ఎప్పటికప్పుడు పోస్తున్నట్టున్నాడు, ఇంకా తాజాగా ఉన్నాయి."

మామ తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ముప్పయ్యేళ్ళు చేత్తో బయట కాపాడుతూ, ఆ చేత్తోనే లోపల చంపుకున్నాడు. నడుపుతారని పోశాడు, పోశాడు కాబట్టి ఇక నడవదు. ఎవరినైనా తిట్టుకుందామంటే ఎవరూ లేరు. ఆ రోజు బస్సులో పేపరు పరుచుకోవడం మర్చిపోయాడు. కండక్టరు ఆయన మొహం చూసి గుర్తుచెయ్యలేదు.

రెండ్రోజులకి చెక్కబాట పూర్తయింది. ఆఫీసరు లోపలికి నడిచి చూసి ముక్కు చిట్లించాడు. "ఈ తుప్పు కనపడితే బావుండదు. మీ అమ్మాయి చేరనీ, లోపలంతా శుభ్రంగా తుడిపిద్దాం. గొట్టం గొట్టమూ చేత్తో చూడాలి సుమా, నువ్వు చేసినట్టే," అన్నాడు.

మామ లోపలికి చూశాడు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, ఎర్రగా పొరలు లేచిన గొట్టాలు. తను జీవితమంతా తీసుకున్న తుప్పు వీటి ముందు ఏపాటి? ఇందులో చెయ్యి పెట్టిన పిల్ల ఏడాది తిరక్కుండా సూది కూడా పట్టుకోలేకపోతుంది. అలాగే బాబూ అన్నాడు పైకి.

నెలాఖరు మ్యూజియానికి సెలవు. ఆ పొద్దున భార్య నూనె వేస్తుంటే, "ఇవాళ కొంచెం ఎక్కువ వెయ్యవే," అన్నాడు.

"సెలవునాడు ఏం పని మీకు?"

"ఆఖరిరోజు కదా. ఓసారి చూసొస్తా."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఏం కనపడిందో ఏమో, డబ్బా అంతా మోకాళ్ళ మీదికి ఒంపేసింది. నూనె పాదాల దాకా కారింది. కొంగుతో తుడిచింది. "జాగ్రత్త," అంది. ఆ మాట ఆవిడ ఆయనతో అనడం చాలా అరుదు.

వాచ్‌మన్ గేటు తీశాడు. మామ చెక్కబాట మీద నించి ఇంజను కడుపులోకి నడిచాడు. గుడ్డ తీసుకోలేదు, పీచు తీసుకోలేదు. ఉత్త అరచెయ్యి మొదటి గొట్టం మీద పెట్టి చివరిదాకా లాగాడు. చెయ్యి వెళ్ళిన మేర ఇనుము నల్లగా, నున్నగా బయటపడింది. రెండో గొట్టం. మూడోది. నడుము బిగుస్తుంటే ముందు కిందవి పూర్తి చేశాడు, వంగగలిగినంతసేపూ. తర్వాత పైవి. నోట్లో ఇనుము రుచి వచ్చింది. దగ్గితే ఎర్రటి పొడి పడింది, దాన్నీ చేత్తోనే తీశాడు. "నేను పోసిన నీళ్ళేగా. నాకే ఇచ్చెయ్," అన్నాడు ఇంజనుతో. "ఇప్పుడున్నదీ ఇచ్చెయ్, ముందు పట్టబోయేదీ ఇచ్చెయ్. మా పిల్లకి ఏమీ మిగల్చకు." బతిమాలినట్టుగా అన్నాడు. ఎంతో కాలం సేవ చేసినవాడు ఒక్క సాయం అడిగినట్టు అన్నాడు.

మధ్యాహ్నం తిరిగేసరికి లోపలంతా అయింది. పాదాలకి చీలమండల దాకా స్పర్శ లేదు. కోత వల్ల పొయ్యి పక్కనించి డ్రైవరు నిలబడే చోటికి దారి ఏర్పడింది. అన్నేళ్ళూ ఆయన అక్కడికి తుడవడానికే ఎక్కాడు, ఎప్పుడూ కూచోలేదు. క్లీనరు కూచోకూడదు, అది షెడ్డు మర్యాద. ఇప్పుడు ఈడ్చుకుంటూ వెళ్ళి ఫైర్‌మన్ సీటు మీద కూచున్నాడు. జనం చూడ్డానికి పెట్టిన బొగ్గుపార పక్కనే ఉంటే చేతిలోకి తీసుకున్నాడు.

పొద్దు వాలాక కూతురు క్యారియరు పట్టుకుని వచ్చింది. లోపలికి వస్తూనే గొట్టాలు చూసి నిలబడిపోయింది. అంతా తెలిసిపోయింది దానికి. పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఏం చేశావు? చెయ్యి తియ్యి, లే!"

"ఇంకెక్కడ లేస్తానే. పట్టేసింది."

ఆ పిల్ల రెండు అరచేతులూ ఆయన మోకాళ్ళ మీద పెట్టి గట్టిగా రుద్దింది. తుప్పుని తనకి తీసుకుందామని. రుద్దీ రుద్దీ చేతులు తిప్పి చూసుకుంది. ఏమీ లేదు. మళ్ళీ రుద్దింది.

"రాదు తల్లీ," అన్నాడు మామ. దవడ బిగుస్తోంది, ఒక్కో మాటా వెతుక్కుని అంటున్నాడు. "మనిషి దగ్గర్నించి మనిషికి వచ్చేదైతే మీ అమ్మకి ఎప్పుడో వచ్చేది."

"నీకేం పిచ్చి పట్టింది? నేను చేసుకునేదాన్ని కదా!"

"అందుకే. ఇంక దీనికి తుప్పు పట్టదు. తుప్పు లేకపోతే ఉద్యోగం తీసేస్తారు. ఇల్లూ తీసుకుంటారు. అమ్మకి నువ్వే చెప్పు. నాకు భయం."

కూతురు ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. పంచె కింద తొడ అప్పటికే చల్లగా ఉంది. "నీళ్ళు నేనే పోశాను," అన్నాడాయన. తర్వాత ఇంకేదో అనబోయాడు గానీ నోరు తెరుచుకోలేదు. కళ్ళు కొంచెంసేపు పట్టాల వైపు చూస్తూ ఉన్నాయి. ఆ తర్వాత అవీ బిగుసుకుపోయాయి.

ఆయన్ని సీటు మీంచి కదపడం మనుషుల వల్ల కాలేదు. క్రేను తెప్పిస్తే సీటు విరుగుతుందని ఆఫీసరు వద్దన్నాడు. కొత్త క్లీనరుగా కూతురు చేరింది. రోజూ గుడ్డతో తుడిచేది, పీచుతో తుడిచేది, అరచేత్తో తడిమేది. చెయ్యి ఎప్పుడు చూసుకున్నా శుభ్రంగా ఉండేది. వాన పడినా, చెమ్మ పట్టినా ఇంజను మీద ఎర్రచుక్క రాలేదు. "ఇవ్వాల్సిందంతా ఇచ్చేసింది," అన్నాడు వాచ్‌మన్. వానాకాలం రెండోసారి కూడా అలాగే గడిచాక ఆఫీసరు కూతుర్ని పిలిచి కుర్చీ చూపించి, తుప్పు పట్టని ఇంజనుకి క్లీనరెందుకని పైవాళ్ళు అడుగుతున్నారమ్మా అన్నాడు. చాలా బాధపడుతూనే అన్నాడు.

తల్లీ కూతుళ్ళు క్వార్టరు ఖాళీ చేసి, మార్కెట్టు వెనక సందులో ఒక్కగది తీసుకున్నారు. మిషనుకీ మంచానికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాలి. పొద్దున్నే తల్లి అలవాటు కొద్దీ దుప్పటి తీసుకెళ్ళి సందులో విదిలిస్తుంది. ఏమీ రాలదు. మంచం కింద ఊడిస్తుంది. "ఈ చీపురుకేం రోగమొచ్చిందో, చెత్తే ఎత్తడంలేదు," అని దాన్ని తిడుతుంది. మిషను మీద కూతురు చేతులు ఆగకుండా ఆడుతూనే ఉంటాయి. ఆ పిల్ల కుట్టినంత వేగంగా ఆ సందులో ఎవరూ కుట్టలేరని చెప్పుకుంటారు. ఆ మాట వింటే ఆ పిల్లకి ఒళ్ళు మండుతుంది.

సెలవురోజున కూతురు టిక్కెట్టు కొనుక్కుని మ్యూజియానికి వెళుతుంది. వచ్చినవాళ్ళు ఇనపబొమ్మ భలే చేశారని, అచ్చం మనిషిలాగే ఉందని మెచ్చుకుంటూ ఉంటారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, తాడు కిందనించి దూరి వెళ్ళి, తండ్రి మోకాలి మీద అరచెయ్యి పెట్టి కూచుంటుంది. తుప్పు కాస్తయినా తన చేతికి రాకపోతుందా అని. గేట్లు మూసేదాకా అలాగే కూచుని ఇంటికి వస్తుంది.

తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంటుంది.

"ఏదీ, చెయ్యి చూపించు."

కూతురు చూపిస్తుంది. తల్లి ఆ అరచేతిని దీపం దగ్గరికి లాక్కుని, అటూ ఇటూ తిప్పి, గోళ్ళ సందుల్లో కూడా చూస్తుంది.

"ఏమీ లేదమ్మా," అంటుంది కూతురు, ఏడుపు గొంతుతో.

"సరే," అంటుంది తల్లి. చెయ్యి వదిలేసి, నీళ్ళకుండ దగ్గరికి వెళుతుంది.